ఉప్పునీటి తొట్టిలో కలక

ఇంట్లో కొత్తగా పెట్టిన ఉప్పునీటి అక్వేరియం నాలుగు రోజులకే పాలు కలిపినట్టు తెల్లబడితే ఎవరికైనా తోచే మొదటి మందు ఆ నీళ్లు పారబోసి కొత్తవి నింపడం. ఈ తొందర ఈనాటిది కాదు. సముద్రజీవుల్ని గాజుతొట్టిలో బతికించాలన్న పట్టుదల 1840ల ఇంగ్లండులో ఊపందుకుంది. ఆ తొలిరోజుల నుంచీ ఈ విద్యను ముందుకు నెట్టిన సమస్యల్లో కలక పెద్దది. నూటడెబ్బై ఏళ్లకు పైబడిన ఈ చరిత్రలో నిలిచిన అడుగుల్ని ఏరి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం నీళ్లు మార్చినవాళ్లవి కావు. ఉన్న నీళ్లనే ఉంచి, వాటిలో ఏం జరుగుతోందో పట్టించుకున్నవాళ్లవి.

ఆనా థిన్ లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే మతాధికారి ఒకరి భార్య. 1846లో టార్కీ తీరంలో సేకరించిన చిన్న రాతి పగడాలను ఆమె సూదీదారంతో పెద్ద స్పాంజికి కుట్టి, సముద్రపు నీళ్లు పోసిన జాడీలో పెట్టి లండన్ తెచ్చుకున్నారు. మొదట్లో రోజు మార్చి రోజు కొత్త నీళ్లు పోశారు. సముద్రం దూరం కనుక ఆ నీళ్లు ఎంతోకాలం రాలేదు. అప్పుడు పాత నీళ్లనే, తెరిచిన కిటికీ దగ్గర, ఒక పాత్రలోంచి ఇంకోదాన్లోకి అరగంట, ముప్పావుగంట సేపు తిరగపోయించడం మొదలుపెట్టారు. ఆ చాకిరీ ఇంటి పనిపిల్ల చేసింది. లండన్ నగరంలో తొలి పగడపు తొట్టికి పంపు ఆ పిల్ల రెండు చేతులే, ఈ కథ చెప్పేటప్పుడు ఆమెను మరవడం అన్యాయం. మరుసటి ఏడు థిన్ సముద్రపు నాచు తెప్పించి నీళ్లలో వేశారు. పగడాలు దాదాపు మూడేళ్లు బతికాయి. నీళ్లు పాతబడటం వేరు, చెడటం వేరు అని ఆ మూడేళ్లు రుజువు చేశాయి.

కలక గురించి సూటిగా ఆలోచించినవాడు మాత్రం రాబర్ట్ వారింగ్టన్. లండన్ అపోథికరీస్ హాల్‌లో రసాయనవేత్త. 1849లో ఆయన సుమారు 55 లీటర్ల తొట్టిలో రెండు చిన్న బంగారు చేపల్ని, వాలిస్నేరియా మొక్కల్ని పెట్టారు. జంతువు వదిలే వాయువును మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలేదాన్ని జంతువు పీలుస్తుంది, కాబట్టి రెండూ ఉంటే చాలన్నది లెక్క. లెక్క తప్పింది. రాలిన ఆకులు కుళ్లి నీళ్లు కలకబారాయి, గాజుకు పచ్చటి జిగురు పట్టింది. ఆయన నీళ్లు పారబోయలేదు. చెరువుల్లో ఈ కుళ్లును ఎవరు తింటున్నారని ఆలోచించి నీటినత్తల్ని వదిలారు. అవి కుళ్లిన ఆకుల్ని, జిగురును తినేశాయి, వాటి గుడ్లూ పిల్లలూ చేపలకు మేతయ్యాయి, నీళ్లు తేటపడ్డాయి. 1850లో ఈ ఫలితాన్ని ఆయన కెమికల్ సొసైటీ ముందుంచారు. రెండేళ్లలో ఇదే పద్ధతిని సముద్రపు నీటికీ అన్వయించారు. ఆ తర్వాత ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో అచ్చువేసిన పుస్తకంతో ఉప్పునీటి తొట్టి మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లోకి చేరింది.

వారింగ్టన్ సిద్ధాంతమే తప్పు కదా, దాన్ని ఎందుకు మెచ్చుకోవాలని అడగవచ్చు. తప్పన్నది నిజమే. తొట్టిని నిలబెట్టేది మొక్కల ఊపిరి ఒక్కటే కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవులు కూడా. అమ్మోనియాను నైట్రేటుగా మార్చేది ప్రాణమున్న పదార్థమేనని ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ 1877లో చూపించారు. ఆ బాక్టీరియాను వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేశారు. అంటే వారింగ్టన్‌కు అసలు కారణం తెలిసే వీలే లేదు. అయినా కలకను తినేవాళ్లు కావాలన్న ఆయన ఊహ సరైనదే, తినేవాళ్ల జాబితాలో నత్తకంటే చిన్నవాళ్లున్నారని తర్వాత తేలింది. మన ఊళ్లలో ఏటి నీళ్లు తేర్చడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు, మట్టి అడుక్కు దిగేది. కొత్త తొట్టిలోని పాలకలక అలా దిగదు, ఎందుకంటే అది మట్టి కాదు. కుళ్లే పదార్థాన్ని తింటూ నీళ్లలో తేలుతూ పెరిగే బాక్టీరియా. మేత మిగిలి ఉండగా నీళ్లు మారిస్తే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. మేత అయిపోతే, తమను తినే సూక్ష్మజీవులు పెరిగితే, వాటంతట అవే తగ్గుతాయి.

పాత నీళ్ల మీద నమ్మకాన్ని భవనమంత స్థాయికి తీసుకెళ్లింది విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. ఆయన లండన్‌లో అక్వేరియం సామాను అమ్మే దుకాణదారు, అనుభవమే ఆయన చదువు. అంతకుముందు, 1853లో లండన్ జంతుశాలలో తెరిచిన మత్స్యశాల ఇనుమూ గాజుతో కట్టినది, వెలుతురు ధారాళం. వెలుతురు ఎక్కువైతే నీళ్లలో తేలే నాచు పెరిగి తొట్టి పచ్చబడుతుంది, వేడి కూడా ఎక్కుతుంది. లాయిడ్ జనానికి చూపే తొట్టెల కింద వాటికంటే పెద్ద చీకటి నీటిగది కట్టించి, నీళ్లను రాత్రింబవళ్లు పైకీ కిందికీ తిప్పించారు. చీకట్లో నాచు బతకదు, అంత నీటిలో వేడీ మలినమూ పలచబడతాయి, ప్రవాహంతో గాలి కలుస్తుంది. 1864లో హాంబర్గ్‌లో, 1871లో క్రిస్టల్ ప్యాలెస్‌లో ఈ ఏర్పాటుతో ఒకే నీరు ఏళ్ల తరబడి తేటగా నిలిచింది. ఈనాడు ఇంటి తొట్టి కింద బీరువాలో పెట్టే సంప్ అనే రెండో తొట్టి దానికి చిన్న రూపమే. సముద్రం పక్కనే ఉంటే నేరుగా తోడుకుంటే పోలేదా అంటే, తోడిన నీళ్లు సముద్రం ఎంత తేటగా ఉంటే అంత తేటగా ఉంటాయి. గోదావరికి, కృష్ణకు వరదలొచ్చిన వానాకాలంలో మన తీరపు నీళ్ల రంగు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద మలుపు జకార్తాలో వచ్చింది. అక్కడ లీ చిన్ ఎంగ్ అనే ఆయన యంత్రాల ఫిల్టరు జోలికి పోకుండా, పగడపు దిబ్బల నుంచి తెచ్చిన జీవమున్న రాళ్లను తొట్టిలో పేర్చి, కొద్దిగా గాలిబుడగలు వదిలి, పగడాల్నీ చేపల్నీ పెంచారు. 1961లో తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో రాశారు. ఆ రాతి రంధ్రాల్లో ఉన్న బాక్టీరియా, పురుగులు, స్పాంజీలు చేసింది వారింగ్టన్ నత్తలు చేసిన పనే. ఆ తర్వాత బెర్లిన్ అభిరుచిపరులు దీనికి ప్రొటీన్ స్కిమ్మర్‌ను, బలమైన దీపాల్ని జతచేశారు. నురుగుతో మలినాన్ని కుళ్లకముందే బయటికి లాగే ఆ పరికరం ఉప్పునీటిలోనే బాగా పనిచేస్తుంది.

ప్రతి కలకకూ ఓపికే మందని ఈ చరిత్ర చెప్పదు. కడగని ఇసుక ధూళి ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది లేదా ఫిల్టరు దూదికి పడుతుంది. కాల్షియం, క్షారత పెంచే ద్రావణాలు ఒకేసారి ఎక్కువ పోస్తే నీళ్లలో సున్నంపొడి ఏర్పడుతుంది, అప్పుడు మోతాదు ఆపి కొలవాలి. నత్తో చేపో చచ్చి రాయి వెనక కుళ్లుతుంటే దాన్ని తీయాల్సిందే. చేపలు నీటి పైకొచ్చి రొప్పుతుంటే బాక్టీరియా ప్రాణవాయువును పీల్చేస్తోందని అర్థం, వెంటనే గాలి ఆడించాలి. ఆ ఆపదలో కొంత నీరు మార్చడం కూడా న్యాయమే. ఇంకో మోసమూ ఉంది. అద్దంలా మెరిసే నీటిలో అమ్మోనియా చంపేంత ఉండవచ్చు, కంటికి కనబడదు. అందుకే తేటదనం ఒక్కటే గురుతుగా పెట్టుకున్నవాళ్లు తొట్టెల్ని పోగొట్టుకుంటూ వచ్చారు.

ఆ పోగొట్టుకోవడానికి మూల్యం తీరం చెల్లించింది. ఇంగ్లండులో అక్వేరియంల వేలంవెర్రి నడిచిన రోజుల్లో చచ్చినవాటి స్థానంలో పెట్టడానికి కొత్తవి కావాలని జనం రాతిగుంటల్ని ఊడ్చేశారు. తన తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకాలే ఆ జనాన్ని తీరానికి పంపాయని ఎడ్మండ్ గాస్ 1907లో బాధపడ్డాడు. మన దేశంలో 2001లో రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నారు సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో పగడపు రాయి తెచ్చుకోవడం నేరం, ఆ నిషేధం సమంజసం కూడా. కనుక ఇక్కడి తొట్టి ఎండురాయితోనో చేసిన రాయితోనో మొదలవుతుంది. అందులో బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. పాలకలక వచ్చేది తరచు ఆ వారాల్లోనే. అప్పుడు చేయాల్సింది గాలి ఆడించడం, మేత పెంచకపోవడం, పెరిగిన అమ్మోనియా, దాని వెనకే పుట్టే నైట్రైట్ రెండూ పరీక్షలో సున్నాకు దిగేదాకా మొదటి చేపను కొనకపోవడం.