ఇంజన్ నాకింగ్ – కారణ నిర్ధారణ చరిత్ర: సీసపు పెట్రోలు పూర్వాపరాలు (1912–2021)

వ్యాససంగ్రహం

పెట్రోలు ఇంజన్లలో వినిపించే 'నాకింగ్' శబ్దానికి 20వ శతాబ్ది తొలి దశకాల్లో వెదికిన కారణాలను, 1921లో దొరికిన సీసపు విరుగుడును, దాని పర్యవసానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శబ్దం ఆగడమే విరుగుడుకు కొలమానం కావడం వల్ల శబ్దం చేయని హాని దశాబ్దాల పాటు లెక్కలోకి రాలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాకింగ్, కెటరింగ్, మిడ్జ్‌లీ, రికార్డో, టెట్రాఇథైల్ లెడ్, ఇథనాల్.

1. ఉపోద్ఘాతం

ఇంజన్ చేసే ప్రతి చప్పుడూ ఒకే లోపాన్ని సూచించదు. బేరింగు అరిగినప్పుడు కనెక్టింగ్ రాడ్ దగ్గర పుట్టే బరువైన మోత వేరు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు సిలిండర్లలో పుట్టే గలగలమనే లోహధ్వని వేరు. మొదటిది యంత్రభాగాల అరుగుదలకు, రెండవది ఇంధనం మండే తీరుకు సంబంధించినవి. ఈ రెండవ ధ్వనే 'నాకింగ్'. అది తీవ్రమైతే పిస్టన్లు దెబ్బతింటాయి. సంపీడన నిష్పత్తి పెంచితే ఇంజన్ సామర్థ్యం పెరుగుతుంది, కాని నాకింగ్ కూడా పెరుగుతుంది. అందువల్ల ఆనాటి ఇంజనీర్లకు ఇది కేవలం చప్పుడు సమస్య కాదు. ఇంజన్ అభివృద్ధికే అడ్డుగోడ.

2. దోషం ఎక్కడ?

చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్, బ్యాటరీ ఇగ్నిషన్ 1912 నాటి క్యాడిలాక్ కారులో వచ్చాయి. నాకింగ్‌కు ఆ ఇగ్నిషనే కారణమని విమర్శకులు ఆరోపించారు. ఆ నిందను పరీక్షించే పని 1916లో కెటరింగ్ వద్ద చేరిన థామస్ మిడ్జ్‌లీకి దక్కింది. సిలిండర్ లోపలి పీడనాన్ని కాంతిరేఖగా ఫిల్ముపై నమోదు చేయగా, అకస్మాత్తుగా పీడనం ఎగసేది స్పార్క్‌కు ముందు కాదని, మంట మొదలైన తరువాతనేనని తేలింది. దోషం ఇగ్నిషన్‌ను విడిచి ఇంధనం మీదికి మారింది.

బ్రిటన్‌లో బెర్ట్రమ్ హాప్కిన్‌సన్, ఆయన శిష్యుడు హ్యారీ రికార్డో ఈ విషయాన్ని విడిగా పరిశోధించారు. మంట ముందుకు వ్యాపిస్తుండగా చివరన మిగిలిన మిశ్రమం ఒత్తిడికి వేడెక్కి తనంతట తానే ఒక్కసారిగా అంటుకోవడం వల్ల నాకింగ్ పుడుతుందని రికార్డో వివరించాడు. సంపీడన నిష్పత్తిని మార్చగలిగే ప్రయోగ ఇంజన్‌ను నిర్మించి వేర్వేరు ఇంధనాలను పోల్చాడు.

3. తప్పు ఊహ, పనికివచ్చిన ఫలితం

పెట్రోలు కంటే కిరోసిన్ ఎక్కువగా నాక్ చేసేది. ఇంధనానికి ఎర్ర రంగు ఉంటే వేడిని త్వరగా గ్రహించి ముందే ఆవిరవుతుందని కెటరింగ్ బృందం ఊహించింది. నూనెలో కరిగే రంగు అందుబాటులో లేక మిడ్జ్‌లీ అయోడిన్ కలిపాడు, నాకింగ్ తగ్గింది. తరువాత ఇతర ఎర్ర రంగులు కలిపితే ఫలితం లేదు. రంగులేని అయోడిన్ సమ్మేళనం మాత్రం పనిచేసింది. ఊహ తప్పిందిగాని రసాయన మార్గం తెరచుకుంది. అనిలిన్, సెలీనియం, టెల్యూరియం సమ్మేళనాలను పరీక్షించారు; వాటి దుర్వాసన ఒక అడ్డంకి అయింది. చివరకు 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ ప్రభావం వెల్లడయింది. గాలన్‌కు దాదాపు 3 మిల్లీలీటర్లు చాలేది. 1923 ఫిబ్రవరిలో ఒహాయోలోని డేటన్‌లో దీని అమ్మకం మొదలైంది. పెట్టిన పేరు 'ఇథైల్'. ఆ పేరులో సీసం కనిపించదు.

4. వినిపించని హాని

సీసం విషమన్నది ప్రాచీనకాలం నుంచి తెలిసిన సంగతే. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ రసాయనం వల్ల ఐదుగురు కార్మికులు మరణించారు. 1925 మే నెలలో వాషింగ్టన్‌లో జరిగిన సదస్సులో ఆలిస్ హామిల్టన్, యాండెల్ హెండర్సన్ దీనిని వ్యతిరేకించారు. అయినా మరుసటి ఏడాది నిపుణుల సంఘం నిషేధానికి తగిన ఆధారాలు లేవని తేల్చి, పరిశోధన కొనసాగాలని సూచించింది.

ఇథనాల్ నాకింగ్‌ను అణచగలదని మిడ్జ్‌లీ బృందానికి ముందే తెలుసు. అయితే ఇథనాల్‌ను పెద్ద మోతాదులో కలపాలి. అది నీటిని పీల్చుకుంటుంది. సీసం చిటికెడు చాలు, పైగా దానిపై పేటెంటు హక్కులు లభిస్తాయి. కాబట్టి ఈ ఎంపికను కేవలం కుట్రగా గాని, కేవలం సాంకేతిక అవసరంగా గాని చూడటం సరికాదు.

1965లో క్లేర్ ప్యాటర్సన్ పరిసరాల్లో సీసం పేరుకుపోతున్న తీరును, 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల మేధపై దాని ప్రభావాన్ని వెలుగులోకి తెచ్చారు. అయితే అమెరికాలో 1975 నమూనా కార్లతో సీసరహిత పెట్రోలు విస్తరించడానికి తక్షణ కారణం వేరు: సీసం క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. భారతదేశంలోనూ 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కన్వర్టర్లున్న కొత్త కార్లతో పాటే సీసరహిత పెట్రోలు వచ్చింది. 2000లో దేశమంతటా అమలైంది. 2021లో అల్జీరియా ఆపివేయడంతో ప్రపంచంలో కార్లకు సీసపు పెట్రోలు అమ్మకం ముగిసింది.

5. ముగింపు

నాకింగ్ ఎందుకు పుడుతుందన్న ప్రశ్నకు రికార్డో ఇచ్చిన జవాబు నేటికీ నిలిచింది. ఏది దానిని ఆపుతుందన్న ప్రశ్నకు మిడ్జ్‌లీ ఇచ్చిన జవాబు నిలవలేదు. నేటి ఇంజన్లలో నాక్ సెన్సర్ కంపనాన్ని పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్ సమయాన్ని వెనక్కి జరుపుతుంది. నాడు పక్కకు పెట్టిన ఇథనాల్ భారతీయ పెట్రోలులో 20 శాతం వరకు చేరింది. సీసం మొదటి హెచ్చరిక కార్మికుల మరణాలతోనే వచ్చినా, దాని తొలగింపు ఒక యంత్రభాగాన్ని కాపాడే అవసరంతో మొదలుకావడం ఈ చరిత్రలో గమనించదగిన అంశం. లోపం తొలగిందని నిర్ధారించే కొలమానంలో ఏవి చేరతాయి, ఏవి చేరవు అన్నది కూడా కారణ నిర్ధారణలో భాగమేనని ఇది నిరూపిస్తోంది.