మంట ఆరాక వచ్చే వరద

ఈ వారం ఎపిసోడ్ వినడానికి తీరిక దొరకనివాళ్ళ కోసం ఆ కథే ఇక్కడ రాస్తున్నా.

2025 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం. లాస్ ఏంజెలెస్ దగ్గర మా గదిలో నైట్ షిఫ్ట్‌కి ముందు కాసేపు పడుకున్నా. ఫోన్ గట్టిగా మోగింది. వరద హెచ్చరిక. "కొండ మీద మంటలొచ్చి నెల దాటింది, ఇంకేం భయం" అనుకుని ఫోన్ సైలెంట్‌లో పెట్టేశా. మాకేం కాలేదు. కానీ ఈ ప్రాంతం చరిత్ర చదివాక తెలిసింది, ఎంత తప్పు చేశానో.

1933 నవంబరులో ఇక్కడి లా క్రెసెంటా లోయ పైనున్న కొండలు కాలాయి. డిసెంబరు చివర్లో వాన పట్టుకుంది. కొత్త సంవత్సరం అడుగుపెట్టే అర్ధరాత్రి బురద, బండలు, కాలిన మొద్దులు ఊరి మీద పడ్డాయి. 40 మందికి పైగా పోయారు. వాళ్ళలో 12 మంది, క్షేమంగా ఉంటుందని అమెరికన్ లీజియన్ హాల్లో తలదాచుకున్నవాళ్ళు.

ఎందుకలా? పొదలు కాలినప్పుడు మైనం లాంటి పదార్థం మట్టిలోకి దిగి పొరలా గడ్డకడుతుంది. నేల నీళ్ళు పీల్చదు. మట్టిని పట్టుకునే వేళ్ళూ ఉండవు. తడి కాంక్రీటు లాంటి ముద్ద కార్లంత బండల్ని మోసుకొస్తుంది. సైట్‌లో కాంక్రీటు పోసినవాళ్ళకి ఆ బరువు నేను చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కొండల మొదట్లో బురద ఆగేలా పెద్ద గుంటలు కట్టారు. అయినా 84 ఏళ్ళకి ఇంకోచోట అదే జరిగింది. 2017 డిసెంబరులో మొదలైన థామస్ మంట 2,81,000 ఎకరాలకు పైగా కాల్చింది. అది పూర్తిగా ఆరకముందే, 2018 జనవరి 9 తెల్లవారుజామున మాంటెసిటోలో ఐదు నిమిషాల్లో అర అంగుళం వాన పడింది. 23 మంది పోయారు. ఒక రోడ్డుకి పైవాళ్ళని తప్పనిసరిగా ఖాళీ చేయమన్నారు, కిందివాళ్ళకి మీ ఇష్టమన్నారు. కింద చాలామంది ఉండిపోయారు. బురద ఆ రోడ్డు దగ్గర ఆగలేదు.

వాతావరణ మార్పు ఇక్కడే కలుస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కాబట్టి కుంభవృష్టి ఇంకా గట్టిగా పడుతుంది. మరోపక్క ఎండిన కాలం చలికాలంలోకి సాగి మంటకీ వానకీ మధ్య గడువు తగ్గిపోతోంది. నేను పడుకున్న ఆ ఫిబ్రవరిలోనే, నెల కిందట కాలిన పాలిసేడ్స్‌లో రోడ్ల మీదకి బురద దిగింది.

మీ గది కొండ కింద ఉంటే, పైన ఈ మధ్య కాలిందేమో కనుక్కోండి. ఎంత వాన అని కాదు, ఎంత వేగంగా పడుతుందో చూడండి. హెచ్చరిక వస్తే వాన మొదలవకముందే కదలండి. ఒకరోజు జీతం పోతే పోనీ. మన ఫోన్ కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళున్నారు.