హాజరు పట్టీ ఎవరి చేతిలో?

మన చాళ్లలో పుట్టి పెరిగి, ఇప్పుడు కంప్యూటరు ఉద్యోగంలో ఉన్న ఒక కుర్రవాడు ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. ఎవరి పనులు వారు రాసుకుని, ఏది ఎప్పుడు చెయ్యాలో చూసుకునే సాధనమొకటి తెలుగులో తయారుచేసి, లోపలి రాతతో సహా లోకానికి ఇచ్చేయాలని అతని కోరిక. ఓపెన్ సోర్స్ అంటారట. "చెయ్యమంటావా కాకా, వద్దంటావా?" అన్నాడు. కంప్యూటరు సంగతి నాకంతగా తెలియదు. కాని పనికి లెక్క రాయడమన్నది మన గల్లీలకు కొత్త కాదు. అందుకని జవాబు అక్కడే వెతికాను.

1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయ్యేదాకా కామాఠీపుర ప్రాంతం సముద్రపు నీరు చేరే పల్లపు నేల. ఆ తరువాత, 18వ శతాబ్దం చివరినుంచి, నిజాం రాజ్యపు తెలుగు పల్లెల కూలీలు వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నారు. వాళ్లను కామాఠీలన్నారు, వాళ్లున్న పేట కామాఠీపుర అయింది. రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని నిలబెట్టిన చేతులవి. ఆ చేతుల లెక్క మాత్రం మేస్త్రీ హాజరు పట్టీలో ఉండేది. చదువురాని కూలీకి తాను ఎన్ని రోజులు పనికి వచ్చాడో తన జ్ఞాపకంలోనే ఉండేది. పట్టీకీ జ్ఞాపకానికీ తేడా వస్తే, ఏది నెగ్గేదో చెప్పనక్కరలేదు.

1856లో బొంబాయిలో మొదటి నూలుగిర్నీ నడక మొదలైంది. తరువాతి దశాబ్దాలలో తెలంగాణ పద్మశాలీలు మగ్గం వదిలి గిర్నీ గేటు దగ్గరికి వచ్చారు. అక్కడ మేస్త్రీ స్థానంలో జాబరు ఉన్నాడు. పని ఇచ్చేదీ, తీసేసేదీ, బదిలీ వాణ్ణి లోపలికి పంపేదీ అతనే. 1935లో మిల్లు యజమానులు బదిలీ కార్డులు తెచ్చారు. కార్డున్నవాడే పొద్దున వచ్చి గేటు దగ్గర నిలబడాలి. జాబరు నోటిమాట మీద నడిచేది కాస్తా కాగితం మీదికి వచ్చింది. కార్మికుడి జేబులో ఒక కాగితం ముక్క చేరింది. అయినా అసలు జాబితా యజమాని బల్లమీదే ఉండిపోయింది.

ఆ కాగితం ముక్క విలువ చాలా కాలానికిగాని తెలియలేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొన్నారు. ఆ తరువాత గిర్నీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గిర్నీ భూములలో కార్మికులకు ఇళ్లు ఇచ్చే పథకం వచ్చినప్పుడు, 1982 జనవరి 1న గాని ఆ తరువాత గాని పనిలో ఉన్నట్టు రుజువు చూపాలన్నారు. టిక్కెట్టు నంబరు, హాజరు కార్డు, ప్రావిడెంటు ఫండు కాగితం అడిగారు. ఇనప్పెట్టెలో కార్డు దాచుకున్నవాడు దరఖాస్తు పెట్టగలిగాడు. పారేసుకున్నవాడు తన యౌవనమంతా నిజమేనని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కాబట్టి తన పని లెక్క తన దగ్గర ఉండడం ఉబుసుపోక సంగతి కాదు. మనవాళ్లకది ఇల్లు దొరకడం, దొరకకపోవడం.

కుర్రవాడి కోరికలో న్యాయం ఇక్కడుంది. ఇవాళ ఫోన్లలో పనుల జాబితా రాసుకునే సాధనాలు కొల్లలు. కాని చాలావాటిలో మన జాబితా ఏదో కంపెనీ యంత్రంలో ఉంటుంది. కంపెనీ తలుపు మూస్తే మన పట్టీ కూడా లోపలే ఉండిపోవచ్చు. మేస్త్రీ మారాడుగాని పట్టీ చోటు మారలేదు.

అయితే సాధనం ఇవ్వడం ఒకటి, దాన్ని నడపడం ఒకటి. దీనికీ మన చరిత్రలోనే సాక్ష్యముంది. జోతీరావు ఫూలే 1873లో పుణేలో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో తెలుగు కాంట్రాక్టర్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు వంటివారి పేర్లు మరాఠీ చరిత్రకారులు గౌరవంగా తలుస్తారు. బొంబాయి సభ్యుల దానంతో సమాజానికి ఒక అచ్చుయంత్రం సమకూరింది. యంత్రం వచ్చిందిగాని పత్రిక దానంతట అది రాలేదు. కృష్ణారావు భాలేకర్ పూనుకున్నాకే 1877 జనవరి 1న 'దీనబంధు' వెలువడింది. కొన్నేళ్లకే అది డబ్బులేక చిక్కుల్లో పడింది. 1880లో నారాయణ్ మేఘాజీ లోఖండే దాన్ని బొంబాయికి తెచ్చి భుజాన వేసుకున్నాడు. ఆ లోఖండేనే 1884లో గిర్నీ కార్మికులను కూడగట్టాడు. 1890లో ఆదివారపు సెలవు సాధించాడు. యంత్రం దానం చేసినవారు గొప్పవారే. కాని దానికి వారంవారం సిరా పోసినవాడు లేకపోతే మనకా ఆదివారం అంత త్వరగా వచ్చేదా?

ఇక కంప్యూటరు వైపు చూద్దాం. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి నాంది పలికాడు. వాడుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, పదిమందికి పంచడం అందరి హక్కని దాని సారం. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన రాతకోతలు చక్కబెట్టుకోవడానికి ఆర్గ్‌మోడ్ రాసుకున్నాడు. 2006లో గీనా ట్రపానీ టుడూ.టెక్స్ట్ ఇచ్చింది. అది ఒట్టి అక్షరాల జాబితా, వరసకొక పని. ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది. ఈ రెండూ ఇంకా బతికి ఉన్నాయని ఆ కుర్రవాడే చెప్పాడు. మనవాళ్లూ తక్కువ తినలేదు. 1990లలో అమెరికా రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతి చేసుకున్నారు. 2005లో హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో కంప్యూటరు నడిపించే పనికి దిగింది. అప్పుడు లేదు గనక చేసుకున్నారు. ఇప్పుడు పనుల జాబితా సాధనం లేదని అనలేం.

అందుకే అతనితో ఇలా అన్నాను: "కొత్త బావి తవ్వేముందు ఉన్న బావికి చేద వెయ్యి. ఆ పాత సాధనాలలో ఒకటి తీసుకుని తెలుగులోకి తే. మీ గల్లీలో రంగులేసే అన్నకు, ఇళ్లలో పనిచేసే అక్కకు, బడికెళ్లే పిల్లకు ఇచ్చి ఆరు నెలలు చూడు. ఎన్ని రోజులు పనికి వెళ్లారో, ఎంత రావాలో రాసుకుని, అవసరమైనప్పుడు కాగితం మీద తీసి చూపగలుగుతున్నారా? ఒక ఇంట్లో ఒకే ఫోనుంటే నలుగురి జాబితాలు కలిసిపోకుండా ఉంటున్నాయా? పాతది ఎంత సరిచేసినా ఇవి కుదరకపోతే, అప్పుడు కొత్తది మొదలుపెట్టు. మొదలుపెట్టేనాటికి నీ తరువాత దాన్ని చూసుకునేవాళ్లు ఇద్దరైనా నీ పక్కనుండాలి."

అతను కాస్త నిరుత్సాహపడ్డాడు. కొత్తది కట్టడంలో ఉన్న సంబరం పాతదాన్ని బాగుచేయడంలో లేదు మరి. ఈ నగరంలో కట్టినవాళ్ల పేర్లే శిలాఫలకాల మీద ఉంటాయి, ఏటా వెల్ల వేసినవాళ్లవి ఉండవు. వెల్ల వేసినవాళ్లూ మనవాళ్లేనని గుర్తుచేశాను.

చదువరులలో ఇలాంటి పని తెలిసినవారుంటే అతనికి తోడు నిలవాలని కోరుతున్నాను. ఇనప్పెట్టెల్లో తాతల హాజరు కార్డులు, టిక్కెట్లు ఉన్నవారు వాటిని పారేయకండి. మన హాజరు పట్టీలో మన చేతికి చిక్కినవి ఆ నాలుగు కాగితాలే.