డబ్బు కాదు, వంతు: ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ పరిణామం

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఏ క్లబ్బుకు ఆడాలన్నది అతని చేతిలో ఉండదు. ఏటా నవంబరులో జరిగే జాతీయ డ్రాఫ్ట్‌లో క్లబ్బులే వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి. ఆ ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు. ఐపీఎల్ వేలంలో కోట్లు పోటీపడతాయి. ఇక్కడ చలామణీలో ఉన్నది వంతు, అంటే పిక్. దాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, ముక్కలు చేసుకోవచ్చు. ఈ క్రీడలో క్లబ్బుల వ్యూహమంతా ఆ మార్పిడిలోనే పెరిగింది.

డ్రాఫ్ట్‌కు ముందు ప్రాంతాల పంపకం ఉండేది. 1897లో తొలి సీజన్ ఆడిన విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ 1915 నుంచి మెల్‌బోర్న్ నగరాన్ని క్లబ్బులకు పంచింది. 1960ల చివర్లో గ్రామీణ విక్టోరియానూ అలాగే పంచింది. కుర్రాడి ఇల్లు ఏ ప్రాంతంలో ఉంటే అతను ఆ క్లబ్బు ఆస్తి. అన్ని నేలలూ ఒకేలా పండవు కాబట్టి ఈ పంపకంలో న్యాయం కుదరలేదు. మార్నింగ్టన్ ద్వీపకల్పం దక్కిన హాథార్న్ ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో బలమైన జట్లలో ఒకటైంది. 1983లో సిల్వియో ఫోషీనీ అనే యువ ఆటగాడు కోర్టుకెక్కాడు. అతని క్లబ్బు సౌత్ మెల్‌బోర్న్ సిడ్నీకి తరలిపోయింది, అతను మెల్‌బోర్న్‌లోనే ఉండాలనుకున్నాడు. లీగ్ నిబంధనలు ఆటగాడి వృత్తిస్వేచ్ఛకు అన్యాయమైన అడ్డంకి అని విక్టోరియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాంతో పాత పద్ధతి పునాది కదిలింది.

1986లో జాతీయ డ్రాఫ్ట్ వచ్చింది. తొలి పిక్‌తో బ్రిస్బేన్ బేర్స్ మార్టిన్ లెస్లీని తీసుకుంది. జీతాలపై గరిష్ఠ పరిమితి కూడా ఆ కాలంలోనే అమల్లోకి రావడంతో ధనిక క్లబ్బుకు డబ్బు కుమ్మరించి గెలిచే దారి మూసుకుపోయింది. ఇక కుర్రాళ్లను పోల్చుకోగల కన్నే అసలు బలం. 2001 డ్రాఫ్ట్‌లో అది తేటతెల్లమైంది. హాథార్న్ ఇద్దరు ఆటగాళ్లను ఫ్రీమాంటిల్‌కు ఇచ్చి 1, 20, 36 పిక్‌లు పుచ్చుకుంది. మొదటిదానితో లూక్ హాడ్జ్, చివరిదానితో శామ్ మిచెల్ వచ్చారు. 2008లో మిచెల్, 2013 నుంచి 2015 వరకు హాడ్జ్ కెప్టెన్లుగా ఆ జట్టు నాలుగు టైటిళ్లు గెలిచింది. అదే డ్రాఫ్ట్‌లో జీలాంగ్ జిమ్మీ బార్టెల్, జేమ్స్ కెల్లీ, స్టీవ్ జాన్సన్, గ్యారీ ఆబ్లెట్ జూనియర్‌లను ఏరుకుంది. 2007లో టైటిల్ గెలిచిన జట్టుకు వీళ్లే వెన్నెముక.

వెనుకబడిన జట్లకు అదనపు పిక్‌లిచ్చే ఏర్పాటు మాత్రం బెడిసికొట్టింది. తక్కువ విజయాలకు బహుమతి ఉన్నప్పుడు ఓటమికి విలువ పుడుతుంది. 2009లో మెల్‌బోర్న్ క్లబ్బు కావాలనే ఓడిందన్న ఆరోపణపై లీగ్ విచారణ జరిపింది. ఆ ఆరోపణ నిలబడలేదు, అయినా 2013లో క్లబ్బుకు 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఆ పిక్‌లు యాంత్రికంగా దక్కే పద్ధతి అప్పటికే రద్దయింది.

బిడ్డింగ్ కథ మరో దారిలో మొదలైంది. ఒక క్లబ్బుకు ఆడినవాడి కొడుకు అదే క్లబ్బుకు ఆడవచ్చనే తండ్రీకొడుకుల నిబంధన 1949 నుంచీ ఉంది. ఇప్పుడు తండ్రి ఆ క్లబ్బుకు కనీసం 100 మ్యాచ్‌లు ఆడి ఉండాలి. అభిమానులకు ఇది ప్రాణప్రదమైన నిబంధన, డ్రాఫ్ట్ సమానత్వానికి మాత్రం చిల్లు. ఆబ్లెట్ జీలాంగ్‌కు 40వ పిక్‌కే దక్కాడు. 2006లో, అందరికన్నా ముందే ఎంపిక కాదగ్గ టామ్ హాకిన్స్‌నూ అదే క్లబ్బు 41వ పిక్‌తో తెచ్చుకుంది. మిగతా క్లబ్బులు గొడవచేశాయి. 2007 నుంచి వేరే క్లబ్బు ఆ కొడుకును తన పిక్‌తో తీసుకుంటానని బిడ్ వేస్తే, తండ్రి క్లబ్బు తన తర్వాతి పిక్‌ను వదులుకోవాల్సి వచ్చింది.

అదీ చాలలేదు. రగ్బీ రాజ్యమేలే ఉత్తరాదిలో ఆట వేళ్లూనాలని అక్కడి నాలుగు క్లబ్బులకు లీగ్ అకాడమీలు ఇచ్చి, వాటిలో తయారైన కుర్రాళ్లపైనా ఇలాంటి హక్కే కల్పించింది. 2014లో సిడ్నీ అకాడమీ కుర్రాడు ఐజాక్ హీనీపై మెల్‌బోర్న్ 2వ పిక్‌తో బిడ్ వేసింది. సిడ్నీ 18వ పిక్‌తోనే అతన్ని నిలుపుకుంది. ఆ తేడా ఎవరికీ మింగుడుపడలేదు. మరుసటి ఏడాది ప్రతి పిక్‌కూ పాయింట్లు కట్టారు: మొదటిదానికి 3000, రెండోదానికి 2517, మూడోదానికి 2234. బిడ్ వచ్చిన పిక్ విలువలో మొదటి రౌండ్‌లో 20 శాతం తగ్గించి, మిగతాది క్లబ్బు తన పిక్‌లతో చెల్లించాల్సి వచ్చేది. 2015లో కాలమ్ మిల్స్‌పై 3వ పిక్‌తో బిడ్ రాగానే సిడ్నీకి పడిన ధర దాదాపు 1787 పాయింట్లు.

లెక్క పక్కాగా ఉన్నా అందులోనూ క్లబ్బులు సందు చూశాయి. చిన్న పిక్‌ల పాయింట్లను కూడగట్టినా పెద్ద ధర చెల్లుతుంది కదా! అందుకే కుర్రాడి మీద హక్కున్న క్లబ్బు తన మంచి పిక్‌ను ముందే మార్చుకుని కింది పిక్‌లు పోగుచేస్తుంది. 2020లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ అలా జమారా ఉగల్-హేగన్‌ను మొదటి స్థానంలోనే దక్కించుకుంది. బిడ్ వేసే పక్షానికీ ఎత్తుగడలున్నాయి. ప్రత్యర్థి చేత పూర్తి ధర కట్టించడానికే బిడ్ వేయవచ్చు, కానీ అవతలివాళ్లు వదిలేస్తే ఆ కుర్రాడు తమ పాలవుతాడు. అందుకే ఉత్తుత్తి బిడ్లు అరుదు.

ఈ పద్ధతిలో బ్రిస్బేన్ లయన్స్ సాధించిన ఫలితం అసాధారణం. పాత టైటిళ్ల జట్టులోని మార్కస్ ఆష్‌క్రాఫ్ట్ కొడుకు విల్ 2022లో 2వ పిక్‌కు, అతని తమ్ముడు లెవై 2024లో 5వ పిక్‌కు ఆ క్లబ్బుకే వచ్చారు. 2024, 2025 టైటిళ్లు రెండూ బ్రిస్బేన్‌వే. అట్టడుగు జట్టును పైకి తేవాల్సిన యంత్రం గెలిచే జట్టునే ఇంకా బలపరిచిందన్న ఫిర్యాదు న్యాయమైనదే. 2025 నుంచి లీగ్ బిడ్ ధరలో ఇచ్చే తగ్గింపును 20 నుంచి 10 శాతానికి కుదించింది. చివరి పిక్‌ల విలువనూ కోసేసింది.