ఉత్తర తెలంగాణ సేద్యంలో నేల, నీరు

గోదావరికి దక్షిణాన కరీంనగర్, ఉత్తరాన ఆదిలాబాద్. 2016 అక్టోబరు 11న రెండు ఉమ్మడి జిల్లాలూ చిన్న జిల్లాలుగా విడిపోయాయి గానీ, సేద్యం సంగతి చెప్పుకోవడానికి పాత పేర్లే అనువు. కరీంనగర్‌లో ఎక్కువ భాగం ఎర్ర చెలకలు. అవి నీటిని త్వరగా మింగుతాయి, త్వరగా వదిలేస్తాయి. ఆదిలాబాద్‌లో నల్లరేగడి. తేమను పట్టి ఉంచుతుంది గానీ, ముసురు పడితే చేనంతా చిత్తడి అయి పత్తి వేళ్లు ఊపిరాడక చస్తాయి. ఇక్కడ వాన సుమారు వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురుస్తుంది. ఆదిలాబాద్‌లో కాస్త ఎక్కువ, కరీంనగర్‌లో కాస్త తక్కువ. అది తక్కువేమీ కాదు. అయితే దాదాపు అంతా నాలుగు నెలల్లోనే, అందులోనూ కొద్ది రోజుల్లోనే కురిసి పోతుంది. ఆ కొద్ది రోజుల నీళ్లను ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు కాలానికో జవాబు దొరికింది.

మొదటి జవాబు గొలుసుకట్టు చెరువు. కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల, లక్నవరం వంటి పెద్ద చెరువులు వరంగల్ వైపు వెలిస్తే, కరీంనగర్ పల్లెలకు వాగుల వెంబడి కట్టిన చిన్న చెరువులు, కుంటలే దిక్కయ్యాయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. తూము తెరిచి ఏ మడికి ఎంతసేపు పారించాలో నీరటికాడు చూసేవాడు. వానకాలపు ఆబి పంటకు నీళ్లు చాలతాయా, యాసంగి తాబికి మిగులుతాయా అన్నది చెరువు మట్టాన్ని బట్టి ఊరు తేల్చుకునేది. నీళ్లు తగ్గాక బయటపడిన శిఖం భూమిలో తేమ మీద ఆరుతడి పంట వేసేవారు. ఎండిన చెరువు పూడిక బండ్ల మీద చెలకలకు చేరేది. ఈ ఏర్పాటును మరీ ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. తూము పక్క పొలాలు ఎవరివో, చివరి మడి ఎవరిదో కులాన్ని, హోదాను బట్టి తేలిపోయిన సంగతే. అయినా ఒక చెరువు కట్ట తెగితే నష్టం నాలుగైదు ఊళ్లతో ఆగేది.

నిజాం పాలనలో గోదావరి మీద సదర్‌మాట్ ఆనకట్ట 1891–92లో లేచింది. ఖానాపూర్ ప్రాంతంలో ఉన్న ఈ రాతి కట్టడాన్ని 2018లో అంతర్జాతీయ సేద్యపు నీటి సంస్థ ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడాల జాబితాలో చేర్చింది. నర్మాల దగ్గర ఎగువ మానేరు జలాశయం కట్టడం 1940లలో మొదలైంది.

అదే కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో తగాదా నీటికంటే ముందు నేల దగ్గర మొదలైంది. రిజర్వు అడవుల హద్దులు గోండు, కొలాం గూడేల సేద్యాన్ని మింగేశాయి. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కొమురం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను రప్పించింది. మార్లవాయిలో ఉంటూ ఆయన ఇచ్చిన సలహాల మీద గిరిజనులకు లావుణీ పట్టాలు దక్కాయి. పట్టా సంగతి నీటి చరిత్రలో ఎందుకంటే, రేపు ఎవరు వెళ్లగొడతారో తెలియని చేనులో ఏ రైతూ గట్టు వేయడు, బాయి తవ్వడు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలయ్యే దాకా ఈ గొడవ నలుగుతూనే వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత పెద్ద ఆనకట్టల కాలం. ఇందులో ఆదిలాబాద్‌లోని కడెం ఆనకట్ట కథ విడిగా చెప్పుకోదగ్గది. 1949లో పని మొదలైంది. 1958 వరద కట్టను తెంపేసింది. గేట్ల సంఖ్య పెంచి మళ్లీ కట్టారు, ఇప్పుడున్నవి 18. 1995లో మళ్లీ గండి. 2022 జులైలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి కట్ట మీదుగా పొర్లింది. గేట్లు వదలగలిగింది నాలుగు లక్షల లోపే. కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆనకట్ట నిలిచింది. కడెం జలాశయంలో పట్టే నీళ్లు ఏడున్నర టీఎంసీలు మాత్రమే. కొండవాగు ఒక్క రాత్రిలో తెచ్చే వరదకు అది చిన్న గిన్నె. పాత వరదల లెక్కతో కట్టిన గేట్లు ముందు ముందు వానలకు చాలతాయా అన్నది ఇంజనీర్లను వేధించే ప్రశ్న.

కరీంనగర్ రాతను మార్చింది శ్రీరాంసాగర్. పోచంపాడు దగ్గర నెహ్రూ 1963 జులై 26న పునాదిరాయి వేశారు. 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ మెట్ట ఊళ్లను మాగాణిగా మార్చింది. నడుమ దిగువ మానేరు జలాశయం కరీంనగర్ ఊరి అంచున 24 టీఎంసీలతో నిలిచింది. అయితే 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్ పూడికతో సుమారు 90కి కుంచించుకుపోయింది. ఎగువ మహారాష్ట్రలో ఆనకట్టలు పెరిగాక చివరి ఆయకట్టుకు కాలువ నీళ్లు కలగానే మిగిలిన ఏళ్లున్నాయి.

కాలువ అందనిచోట బాయే ఆధారం. మోట పోయి కరెంటు మోటారు వచ్చింది, ఆపై బోరు. 2004లో ఉచిత కరెంటు వచ్చాక బోర్ల లోతుకు అడ్డు లేకుండా పోయింది. బోర్ల మధ్య దూరం, అనుమతులు చెబుతూ 2002లో వాల్టా చట్టం ఉండనే ఉంది. పొలంలో దాని జాడ తక్కువ. చెరువు పూడితే బాయి ఎండుతుందని ఊళ్లో అందరికీ తెలిసినా, బోరు యజమాని చెరువును పట్టించుకోవడం మానేశాడు. 1995 నుంచి వాటర్‌షెడ్ పథకాలు, 2006లో మొదటి విడతలోనే రెండు జిల్లాలకూ వచ్చిన ఉపాధి హామీ పనులు కందకాలు, ఊటకుంటలు, రాతికట్టలు తవ్వించి కట్టించాయి. పని ముగిశాక చూసుకునేవారు లేని కుంటలు మళ్లీ పూడాయి.

2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకుంది. చెరువు లోతుతోపాటు చెలక మీద పరిచిన పూడికా ఇందులో అసలు లాభం. అందులోని బంకమన్ను ఎర్ర నేలకు తేమ పట్టే గుణాన్ని ఇస్తుంది. వానకూ వానకూ మధ్య ఎడం పెరిగినప్పుడు ఆ మన్ను పట్టి ఉంచే నాలుగైదు రోజుల తేమే పైరును బతికిస్తుంది. విత్తనం వైపు నుంచి జగిత్యాల పక్కనున్న పొలాస పరిశోధన కేంద్రం సాయపడింది. అక్కడ పుట్టిన జగిత్యాల సన్నాలు ఉల్లికోడును తట్టుకుంటుంది. సాంబ మసూరి కంటే ముందే కోతకు వస్తుంది కాబట్టి మడికి నీళ్లూ తక్కువ కావాలి. ఆదిలాబాద్ రేగడిలో పత్తి సాళ్ల నడుమ కంది వేయడం పాత అలవాటు. వాన పత్తిని దెబ్బతీసినా, వేరు లోతుకు పోయే కంది కొంతైనా చేతికొస్తుంది.

2019 జూన్ 21న మేడిగడ్డ దగ్గర కాళేశ్వరం ఎత్తిపోతలు ప్రారంభమయ్యాయి. మధ్య మానేరు, దిగువ మానేరు జలాశయాలు నిండటం, కాలువల నుంచి ఊరి చెరువులకు నీళ్లు వదలడం కరీంనగర్ పల్లెలు చూశాయి. వరి విస్తీర్ణం పెరిగింది, ఆరుతడి పంటల మాట వెనక్కి పోయింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. అక్కడ నీళ్లు నిలపడం ఆగిపోయింది. 2024 వానకాలంలో గోదావరి మీది ఎల్లంపల్లి బ్యారేజీకి చేరిన వరదనే నంది, గాయత్రి పంప్‌హౌస్‌ల మీదుగా మధ్య మానేరుకు ఎత్తిపోశారు. గోదావరి ఎల్లంపల్లికి చేరకముందే కడెం వాగు అందులో కలుస్తుంది. ఆదిలాబాద్ కొండల మీద పడిన వానలో కొంత అలా కరీంనగర్ మడులకు చేరుతోంది.