డాగు

తెల్లపంచెపై పులుసు ఒలికినచో మరక పడినదందుము. ఉతికి వచ్చిన మూట విప్పినప్పుడు, ఎక్కడ అంటినదో ఎవరికిని తెలియక, అంచు ఒక తీరున లేక, ఒకచోట ముదురుగను ఒకచోట లేతగను కనిపించుదానిని డాగు అందుము. మామిడిపండుపైనను, వాన కారిన గోడపైనను ఉండునదియు డాగే. మచ్చ పుట్టుకతో రావచ్చును. మరకకు కారణము తరచుగా తెలిసియుండును. డాగునకు ఆకారనియమము లేదు. ఈ హద్దులు గట్టివి కావు గాని, వాడుకలో ఉన్నవి.

డాగు అన్యదేశ్యమని, మరక యుండగా ఇదేలయని కొందరు భాషాభిమానులు అందురు. మేము సమ్మతింపము. పారసీకపు 'దాగ్' హిందూస్తానీ మీదుగా మనకు వచ్చినది. కాల్చుట దాని మూలార్థము. సంస్కృతమున 'దహ్' ధాతువును, వేసవిని చెప్పు 'నిదాఘ' శబ్దమును దీనికి జ్ఞాతులే.

కాల్చిన ఇనుముతో వేయు ముద్రకు ఆ పేరు చెల్లినది. ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) సైన్యపు గుర్రములకు దాగ్ వేయించెను. కారణము మోసము. జీతము మేలిగుర్రమునకు తీసికొని, తనిఖీనాడు బక్కగుర్రమును నిలుపుట, ఒకే గుర్రమును రెండుమారులు చూపుట, ఎరువు తెచ్చి లెక్క నింపుట – ఇవన్నియు సాగుచుండెడివి. ముద్ర పడిన పిమ్మట గుర్రమును మార్చుట కష్టము. షేర్షా (1540–1545) ఈ పద్ధతిని మరల నెలకొల్పెను. తరువాత అక్బరు దీనిని మరింత బిగించెను. మూగజీవికి బాధయే, ఖజానాకు మాత్రము మేలు.

చిత్రమేమనగా, నాడు దాగ్ నిజమునకు సాక్ష్యము. కోరి, కొలిచి వేసినది. నేడు డాగు ఎవరును కోరనిది, కొలతకు అందనిది.

ఉర్దూలో ఆ మాట గుండెకోతను చెప్పును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు కవితాగురువై, 1905లో హైదరాబాదుననే కన్నుమూసిన కవి 'దాగ్' దెహ్లవీ దానినే కలంపేరుగా ధరించెను. తెలుగున అది గుండెదాక పోలేదు, శీలముదాకను పోలేదు. ఆ పని మచ్చ ముందే చూచుకొనుచుండెను. 'మచ్చలేని మనిషి' అందుము. 'డాగులేని మనిషి' అన్నచో వినువాడు ఆయన చొక్కావంక చూచును.