మసక చీకటి నుంచి అమ్మవారి గుడి దాకా

కనుమ నాడు అహోబిలం నుంచి కదిలిన నరసింహస్వామి పల్లకి ఆళ్లగడ్డ, రుద్రవరం చుట్టుపక్కల పల్లెలు తిరిగి, బ్రహ్మోత్సవాల వేళకు మళ్లీ క్షేత్రం చేరుతుంది. పారువేట అనే ఈ ఊరేగింపులో, మా చిన్నతనంలో, స్వామి మా ఊళ్లోకి వచ్చిన రోజు తెల్లారకముందే మైకుసెట్టు మోగేది. పగలంతా ఘంటసాల భక్తిపాటలు. దర్శనాలు అయిపోయి, బండ్లు కట్టుకొని వచ్చిన చుట్టాలు అన్నాలు తిని, నల్లమల మీంచి చలిగాలి దిగే వేళకు రికార్డు మారేది. పెద్దింటి ఆడవాళ్లు పైకి వద్దంటూనే చెవి ఒగ్గి వినే పాట. ‘మసక మసక’. మా అవ్వ అరుగు మీద కూర్చొని, “ఎవర్రా ఈ యమ్మ? దేవరలో పాడాల్సిన గొంతు గదా ఇది!” అనేది. దేవరంటే మా వైపు అమ్మవారి జాతర.

ఆ గొంతు ఎల్.ఆర్. ఈశ్వరిది. అవ్వ మాట ఎంత నిజమో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

మద్రాసులో 1939 డిసెంబరు 7న ఈశ్వరి ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. అసలు పేరు లూర్దు మేరీ రాజేశ్వరి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి సినిమా పాటల్లో కోరస్ పాడి ఇల్లు నడిపేది. తల్లి వెంట స్టూడియోలకు వెళ్లి కూతురూ గుంపులో గొంతు కలిపింది. 1954 నాటి ‘మనోహర’లో కోరస్ పాడిన ఆ పిల్లకు 1958లో ‘నల్ల ఇడత్తు సంబంధం’ సినిమాలో సొంతంగా పాడే అవకాశం ఇచ్చింది మన కె.వి. మహదేవనే. అప్పటికే ఎం.ఎస్. రాజేశ్వరి అనే గాయని ఉండటంతో ఈమె పేరు ఎల్.ఆర్. ఈశ్వరి అయింది. 1961లో ‘పాసమలర్’ పెళ్లిపాటతో తమిళ దేశమంతా ఆమెను గుర్తుపట్టింది. పెళ్లికూతుర్ని పందిరికి పిలిచే పాటతో పేరొచ్చిన మనిషిని ఆ తర్వాత పరిశ్రమ ఎక్కువగా క్లబ్బులోకే పంపింది.

కథానాయిక పాటలకు సుశీల, జానకి ఉన్నారు. మందు గ్లాసు, రంగుల దీపాలు, జ్యోతిలక్ష్మి నాట్యం ఉన్నచోటికి ఈశ్వరి కావాలి. 1971లో ‘ప్రేమ్‌నగర్’ కోసం ఘంటసాలతో కలిసి ఆమె పాడిన మత్తు పాట, 1973లో ‘దేవుడు చేసిన మనుషులు’ కోసం ఆరుద్ర రాయగా రమేష్ నాయుడు బాణీ కట్టిన ‘మసక మసక’ తెలుగునాట ఆమె ముద్రగా మిగిలాయి. 1978లో ‘మరో చరిత్ర’ కోసం బాలుతో కలిసి ‘భలే భలే మగాడివోయ్’ పాడింది. మా వైపు తిరునాళ్లలో రికార్డింగ్ డాన్సు వేదిక ఎక్కిన ప్రతి బృందం దగ్గరా ఆమె పాటలు ఉండి తీరేవి.

ఈ పాటల్లో జనం మత్తునే విన్నారు. నాకు మాత్రం అందులో శ్వాస మీద అసాధారణమైన అదుపు వినిపిస్తుంది. 1969లో ‘శివంద మణ్’ సినిమాలో కొరడా దెబ్బల మధ్య పాడిన పాట వినండి. దెబ్బ దెబ్బకూ ఆ నొప్పి గొంతులో పలుకుతుంది గానీ శ్రుతి వెంట్రుకవాసి కూడా జరగదు. 1972లో ‘వెళ్లి విళా’ సినిమాకు వి. కుమార్ ఆమె చేత చెవిలో చెప్పినంత మెల్లగా పాడించాడు. అరవగలిగిన గొంతు గుసగుసలాడితే ఎంత బరువుంటుందో ఆ పాటలో తెలుస్తుంది. ఆ బలమంతా ఉంటుంది, బయటికి రాదు.

అమెరికాలో ఇలాంటి గొంతుకు సోల్ సంగీతం అని పేరు పెట్టారు. పుట్టుక చర్చిలో, బతుకు క్లబ్బుల్లో. సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో తండ్రి బోధించే చర్చిలో పద్నాలుగేళ్ల వయసుకే రికార్డు చేసింది. 1960లలో కొలంబియా కంపెనీ ఆమె చేత ఆరేళ్లపాటు రకరకాల పాటలు పాడించినా ఆ గొంతుకు తగిన దారి దొరకలేదు. అట్లాంటిక్ కంపెనీకి మారి, 1967లో పియానో ముందు తానే కూర్చొని పాడాక ప్రపంచం తలతిప్పి చూసింది. 1972 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లోని ఒక చర్చిలో, రెండు రాత్రులు భక్తుల మధ్య నిలబడి ‘అమేజింగ్ గ్రేస్’ ఆల్బమ్ పాడింది. ఆమె జీవితంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయినది అదే. ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే వెళ్లి నిలబడింది.

అరీతాకు దొరికి ఈశ్వరికి దొరకనిది ఆల్బమ్. 1948లో వచ్చిన ఎల్పీ రికార్డు నిమిషానికి 33 చుట్లు తిరుగుతూ ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడేది. ఆ నిడివిలో ఒక గాయని తన మనసును వరసగా విప్పి చెప్పుకోవచ్చు, మూడేళ్లకో కొత్త మనిషిగా ఎదురుపడవచ్చు. మన దగ్గర రికార్డు సినిమాది. అట్ట మీద హీరో బొమ్మ, పాడినవాళ్ల పేరు చక్రం మధ్య చిన్న అక్షరాల్లో. ఒక పాట ఇక్కడ, ఇంకో పాట అక్కడ. వాటిని ఒక చోట పోగేసి ఇదీ ఈశ్వరి అని చూపిన సంపుటి తెలుగులో ఆ రోజుల్లో మా చేతికి రాలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

ఆ లోటు తీర్చింది అమ్మవారు. సినిమా పాటలు పాడుతూనే ఆమె మారియమ్మ మీద తమిళ భక్తిగీతాలు అందుకుంది. ఉడుక్కు, పంబ వాద్యాల మోతల మధ్య పూర్తి గొంతు విప్పి పాడిన ఆ రికార్డులు, తర్వాత క్యాసెట్లు ఆమె సొంతం. అక్కడ హీరో లేడు, కథ లేదు, గొంతూ దేవతా అంతే. ఇప్పటికీ ఆడి మాసం వస్తే తమిళ ఊళ్లలో అమ్మవారి గుడి మైకులో ఆమె గొంతే. క్లబ్బు పాట పాడిన గొంతు గుళ్లోకి ఎలా వచ్చిందని అడిగిన భక్తుడు లేడు. క్రైస్తవ ఇంట పుట్టిన పిల్ల మారియమ్మను పిలిస్తే తప్పన్నవాళ్లూ లేరు.

2000 తర్వాత విజయవాడ అమ్మాయి, పాప్ గాయని స్మిత ‘మసక మసక’ను కొత్త వాయిద్యాలతో పాడి ఆల్బమ్‌గా తెచ్చింది. ఈశ్వరి పాటకు ఆల్బమ్ అట్ట దొరికింది, కానీ ఇంకొకరి గొంతులో. 2011లో మన తమన్ ‘ఒస్తి’ సినిమాకు ఆమెనే పిలిచి పాడించాడు. అప్పటికి డెబ్బై దాటిన మనిషి, పక్కన టి. రాజేందర్‌తో పోటీపడి పాడింది.

ఆ మధ్య మా వైపు ఒక ఊళ్లో దేవరకు పోయాను. అర్ధరాత్రి, పొంగళ్లు దిగాయి. ఎవరో కుర్రాడు ఫోను స్పీకరుకు తగిలించి ఈశ్వరి తమిళ అమ్మవారి పాట పెట్టాడు. అక్కడున్న ఆడవాళ్లలో ఒక్కరికీ ఆ మాటలు తెలియవు. రెండో చరణం అందుకునేసరికి వెనక వరసలో ఒక ముసలామె కొంగు నడుముకు చుట్టి, జుట్టు విరబోసుకొని ముందుకొచ్చింది. డప్పులవాళ్లు ఒక్క క్షణం ఆగి, ఆ పాట దరువునే అందుకున్నారు.